వణకని బంగారం

పగిలిన గాజుపెట్టె చుట్టూ కట్టిన టేపు కిందనుంచి చిట్టి వంగి దూరబోతుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"మరదలా, ఆ టేపు కట్టించిందే నీకోసం."

"తెలుసు బావగారూ. అందుకే మర్యాదగా కిందనుంచి వెళ్తున్నా. తెంపలేదు చూడండి."

ఇన్‌స్పెక్టర్ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆయన అలా నిలబడితే తలుపు వేసేసినట్టే. చిట్టికి స్వయానా అక్క మొగుడు. చిట్టికి నలభై దాటాయి, పదిమంది పోలీసులు వదిలేసిన కేసుల్ని పట్టుకుని సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. అయినా ఈయన నోట్లో ఇంకా చిట్టే. ఆ పేరు స్టేషన్‌కి పాకి, కోర్టు గుమాస్తాలకి పాకి, ఆఫీసు బోర్డు మీద తప్ప అన్నిచోట్లా స్థిరపడిపోయింది. మొదట్లో పోట్లాడింది, తర్వాత విసుగెత్తి ఊరుకుంది.

"నీకిక్కడ పనేం లేదమ్మా. దొంగ దొరికాడు. సాయంత్రం కోర్టుకి తీసుకెళ్తున్నా."

"దొరికింది గార్డు."

"ఇద్దరూ ఒకడే."

చిట్టి గాజుపెట్టె వైపు తిరిగింది. ఆవిడకి పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. మ్యూజియం మెట్ల మీద గార్డు భార్య కూర్చుని ఉంది. తెల్లవారగానే వచ్చి చిట్టి ఇంటి తలుపు తట్టిన మనిషి. ఏడవలేదు, బతిమాలలేదు. ఒక్కటే చెప్పింది. "మా ఆయనది నోట్లో నాలుక లేని స్వభావం మేడమ్. గట్టిగా నాలుగు సార్లు అరిస్తే చెయ్యని పని కూడా చేశాననేస్తాడు. ఆ మాట అనకముందే బయటికి తీసుకురండి." ఆ మాట సాయంత్రానికల్లా అనిపించడమెలాగో బావకి బాగా తెలుసు. చిట్టికి భయమంతా అక్కడే.

పోయింది మామూలు సరుకు కాదు. దక్షిణ అమెరికా కొండల్లో, మన లెక్కకి అందని కాలంలో, ఎవరో రాజుని పాతిపెడుతూ ముఖం మీద కప్పిన బంగారు ముసుగు. కాగితమంత పల్చటి రేకుని సుత్తితో సాగదీసి చేసింది. నుదుటికీ చెవులకీ గోరంత గుండ్రటి రేకులు వేలాడుతుంటాయి. అలాంటి వస్తువులు ఒక హాలు నిండా పెట్టి, దేశదేశాలు తిప్పుతున్న ప్రదర్శన ఇది. ఇక్కడ రెండు నెలలుగా ఉంది. మరో వారంలో సర్దుకుని వెళ్లిపోవాలి. నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి అగ్గి గంట మోగింది. జనం బిలబిలమంటూ కిందికి పరిగెత్తారు. పద్ధతి ప్రకారం గార్డు అందరికన్నా చివర దిగాడు. ఎక్కడా మంటా లేదు, పొగా లేదు. తిరిగి వచ్చి చూస్తే ఈ పెట్టె అద్దం పగిలి ఉంది, ముసుగు లేదు.

"చివర దిగినవాడే దొంగ అయితే బావగారూ, సినిమా హాల్లో తలుపులు వేసేవాడు రోజూ జైలుకెళ్లాలి."

"నీ వేళాకోళం మీ అక్క దగ్గర పెట్టుకో. సుత్తి మీద వాడి వేలిముద్రలున్నాయి."

"ఏ సుత్తి?"

"గోడకున్న ఎర్ర పెట్టెలో సుత్తి. ప్రమాదం వస్తే అద్దాలు పగలగొట్టడానికి పెడతారే, అది. దాంతోనే పగలగొట్టాడు."

"అది తుడిచి పెట్టడం వాడి పనేగా. ముద్రలు ఉండకపోతే ఆశ్చర్యపోవాలి. ఎక్కడున్నాయి ముద్రలు?"

"సుత్తి మీద."

"సుత్తి మీద ఎక్కడ? పిడి మీదా, తల మీదా?"

ఇన్‌స్పెక్టర్ పక్కనున్న కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ కిటికీ వైపు చూశాడు. చిట్టికి ఊపు వచ్చింది.

"చెప్పనా? తల దగ్గర నిండా ఉన్నాయి, పిడి మీద ఒక్కటి కూడా లేదు. మీ ఫొటోగ్రాఫర్‌ని అడిగే వచ్చాలెండి. రోజూ తుడిచేవాడి ముద్రలు పిడి మీద ఎందుకు లేవు? ఎవరో గుడ్డ గ్లౌజులు వేసుకుని గట్టిగా పట్టుకుని, అన్ని దెబ్బలు కొట్టేసరికి అవి చెరిగిపోయాయి. కాదంటారా? అయితే మీ గార్డు సుత్తిని తలకిందులుగా పట్టుకుని చెక్కపిడితో అద్దం పగలగొట్టాడని కోర్టులో చెప్పండి. నేను వచ్చి ముందు వరసలో కూర్చుంటా."

"ఆ ఫొటోగ్రాఫర్ సంగతి తర్వాత చూస్తా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. మొహం మాత్రం ఎర్రబడింది.

"వాణ్ని వదిలెయ్యండి బావా. రేపు పేపర్లో పరువు పోయాక వదిలేకన్నా ఇవాళ మీ అంతట మీరు వదిలితే అందంగా ఉంటుంది."

"చూస్తాలే," అని ఆయన ఫోన్ తీసుకుని పక్కకి నడిచాడు. బావ చూస్తాలే అన్నాడంటే సగం ఒప్పుకున్నట్టే అని చిట్టికి తెలుసు. ఆ తృప్తితో టేపు కిందనుంచి లోపలికి దూరింది.

పెట్టెలో ముసుగుని నిలబెట్టిన ఇత్తడి స్టాండు అలాగే ఉంది. దానికి నాలుగు సన్నటి వేళ్లు. వస్తువుకి గీత పడకుండా ప్రతి వేలికీ మెత్తటి గొట్టం తొడిగారు. మామూలుగా అయితే ఒక్కొక్క వేలినీ చిన్న పట్టకారుతో నెమ్మదిగా పక్కకి వంచి వస్తువుని తీయాలి. ఇక్కడ నాలుగు వేళ్లూ పైకి లేచి వంకర్లు తిరిగి ఉన్నాయి. ఒకటి విరిగి వేలాడుతోంది. ఎవరో ముసుగుని పట్టుకుని ఒక్క లాగు లాగారు.

చిట్టి అక్కడే ఆగిపోయింది. కాగితమంత పల్చటి రేకు. దాన్ని అలా లాగితే నిలువునా చిరిగిపోదా? ప్రాణాలకి తెగించి వచ్చిన దొంగ తను ఎత్తుకుపోయే వస్తువు మీద ఆ మాత్రం జాలి చూపించడా? పాత చొక్కాని తాడు మీంచి లాగినట్టు లాగాడు. ఆ వస్తువు ఏమైపోయినా వాడికి ఫరవాలేదు. అదెలా కుదురుతుంది?

కింద పరిచిన నల్ల ముఖమల్ గుడ్డని వేలితో తడుముతూ పోయింది. గాజు ముక్కలు, ఇంకా గాజు ముక్కలు. గుడ్డ మడత పడిన మూల ఏదో గట్టిగా తగిలింది. చిన్న పట్టకారుతో పైకి లాగింది. గోరంత గుండ్రటి బంగారు రేకు. లాగిన దెబ్బకి ముసుగు నుంచి ఊడి పడింది.

"దొరికిందా అండీ ఏమైనా?"

చిట్టి గుప్పిట మూసింది. క్యురేటర్ వచ్చి టేపుకి అవతల నిలబడి ఉన్నాడు. నెమ్మదైన మనిషి. మాట్లాడే ముందు ప్రతిసారీ కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. ఈ మ్యూజియంలో అందరికీ ఆయనంటే గౌరవం. చిట్టికి కూడా మొదటి చూపులో మంచివాడనే అనిపించింది.

"గాజు ముక్కలేనండీ. మిమ్మల్ని రెండు మాటలు అడగాలి. ఈ పెట్టెని పగలగొట్టకుండా తెరవాలంటే ఎవరు తెరవగలరు?"

"ఏ ఒక్కరూ తెరవలేరు. ప్రతి పెట్టెకీ రెండు తాళాలుంటాయి. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది వస్తువులతోపాటు వచ్చిన మేడమ్ దగ్గర. ఇద్దరం పక్కపక్కన నిలబడితేనే తెరుచుకుంటుంది. ప్రపంచంలో ఎక్కడైనా ఇంతే."

"ఈ రెండు నెలల్లో ఎప్పుడైనా తెరిచారా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "లేదండీ. ప్రారంభం రోజు మూశాం. ఇక సర్దే రోజే తెరవడం."

"సర్దే రోజు ఏం చేస్తారు?"

"ఆ మేడమ్ ఒక్కో వస్తువుని భూతద్దంతో అంగుళం అంగుళం చూసి, బాగుందని ఒప్పుకున్నాకే పెట్టెలో పెడతారు. అది రెండు రోజుల పని."

"గంట మోగినప్పుడు మీరెక్కడున్నారు?"

"కింద ఆవరణలో. జనం అందరూ బయటికి వచ్చారా లేదా చూసుకుంటూ. నన్ను చూసినవాళ్లు వందమంది ఉంటారు." ఆయన నిట్టూర్చాడు. "నాకు బాధంతా గార్డు గురించేనండీ. మంచివాడు. ఇన్‌స్పెక్టర్ గారు ఒప్పుకుంటే నేను పూచీ ఇస్తాను."

ఆ మాటకి చిట్టి మనసు కరిగింది. బావ మీద ఒత్తిడి పెట్టడానికి ఇంకో పెద్దమనిషి తోడు దొరికాడనుకుంది. "వెంటనే వెళ్లి చెప్పండి సార్. మీ మాటకి విలువుంటుంది," అని తనే పంపించింది.

*

హాలు వెనక గదిలో ఖాళీ చెక్కపెట్టెల మధ్య కూర్చుని ఉంది తోడావిడ. మ్యూజియం వాళ్లు ఆవిడకి పెట్టిన పేరు అది. విలువైన వస్తువు దేశం దాటితే దానితో ఒక మనిషిని తోడు పంపుతారు. విమానం ఎక్కించడం దగ్గర్నుంచి మళ్లీ ఇంటికి చేర్చేదాకా చంటిబిడ్డని కాచుకున్నట్టు కాచుకోవాలి. రాత్రంతా నిద్ర లేనట్టు ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి. మెడలో గొలుసుకి తాళంచెవుల గుత్తి.

ఆవిడ కూర్చోమన్నా చిట్టి కూర్చోలేదు. చెక్కపెట్టెల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఇంగ్లీషులో అడిగింది. "ఆ ముసుగు గురించి చెప్పండి. పుస్తకాల్లో లేనిది."

ఆవిడ కాస్త నవ్వింది. "మా దగ్గర దాన్ని పిరికిది అంటాం."

"ఎందుకు?"

"ఊరికే వణుకుతుంది. దాని రేకులు సన్నటి తీగ కొక్కేలకి వేలాడుతుంటాయి. గదిలో ఎవరు అడుగు వేసినా, తలుపు వేసినా గలగలమని వణుకుతాయి. ఆ కాలంలో దీపాల వెలుగులో చూసినవాళ్లకి రాజు ముఖం కదులుతున్నట్టే ఉండేది. అందుకోసమే అలా చేశారు."

"ఇక్కడా వణికేదా?"

"మొదట్లో వణికేది. చెక్క నేల కదా, పిల్లలు పరిగెత్తితే మరీను. తర్వాత క్యురేటర్ గారు పెట్టె కాళ్ల కింద రబ్బరు వేయించారు. అప్పట్నుంచి కుదురుగా ఉంది. నాకూ నిశ్చింతగా అనిపించింది."

చిట్టి నడక ఆగిపోయింది. గుప్పిట తెరిచి ఆ గోరంత రేకుని ఆవిడ అరచేతిలో పెట్టింది.

తోడావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాపం, చింపేశారు," అంటూ రేకుని వెనక్కి తిప్పింది. తిప్పి అలాగే చూస్తుండిపోయింది. బల్ల మీది భూతద్దం అందుకుని మళ్లీ చూసింది.

"కొక్కెం తగిలించే చిల్లు లేదు. వెనక టంకం పెట్టి అతికించిన బొట్టుంది. ఇది... ఇది మాది కాదు."

"మీది కాదు. నిన్న దొంగ ఎత్తుకుపోయింది నకిలీది. అది నకిలీ అని వాడికి తెలుసు. అందుకే ఆ మోటు లాగుడు," అంది చిట్టి. మాటలు ఆవిడ నోట్లోంచి వాటంతట అవే పరిగెడుతున్నాయి. "అసలుది ఎప్పుడో పోయింది. వచ్చే వారం మీరు భూతద్దం పట్టుకుంటే గుట్టు బయటపడుతుంది. ఆలోగా నకిలీని దొంగతనం చేయిస్తే అసలు దొంగతనం ఎవరికీ గుర్తుకు రాదు. తల్లీ, ఇప్పుడు నిజం చెప్పాలి. ఆ తాళంచెవి మీ మెడలోంచి ఎప్పుడు బయటికి వెళ్లింది?"

"ఎప్పుడూ వెళ్లలేదు."

"రెండు తాళాల పెట్టె, పగలకుండా తెరుచుకుంది. మీరైనా దొంగ కావాలి, లేదా మీ తాళంచెవైనా వేరే చేతికి వెళ్లి ఉండాలి. నాకు మీరు దొంగలా కనబడడం లేదు. కింద ఒక అమాయకుడికి సాయంత్రం దాకానే గడువుంది."

చిట్టి తోడావిడ ఎదురుగా ఒక చెక్కపెట్టె లాక్కుని మొదటిసారి కూర్చుంది. ఆ కూర్చోవడంలో ఏం కనబడిందో, ఆవిడ బయటపడింది.

"మూడు వారాల కిందట నాకు విపరీతమైన జ్వరం. హోటల్ గదిలో లేవలేని స్థితి. క్యురేటర్ గారు ఫోన్ చేశారు. ముసుగు పెట్టెలో తేమ పెరిగింది, లోపల తేమ పీల్చే గుళికలు వెంటనే మార్చాలి, లేకపోతే వస్తువు పాడవుతుందన్నారు. నేను వస్తానన్నా. వద్దు, చెవి పంపించండి చాలు, పది నిమిషాల పనన్నారు. నేను... పంపించాను. ఇది తెలిస్తే నా ఉద్యోగం ఉండదు. ఆయనే, ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండనివ్వండి అన్నారు."

"ముగ్గురా? మూడో మనిషెవరు?"

"గార్డు. ఆయనే హోటల్‌కి వచ్చి చెవి పట్టుకెళ్లాడు. పెట్టె తెరిచినప్పుడు లైటు పట్టుకున్నదీ ఆయనేనట. మళ్లీ చెవి తెచ్చి ఇచ్చింది కూడా ఆయనే. పాపం, నాకోసం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

ప్రారంభం రోజు మూశాక తెరవనే లేదని ఇందాక కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పిన మనిషి చిట్టికి గుర్తొచ్చాడు. ఆయన అబద్ధాన్ని కోర్టులో నిలబడి అబద్ధమనగలిగేది ఇద్దరే. ఒకరు ఉద్యోగ భయంతో నోరు మూసుకున్న ఈవిడ. రెండోవాడు లాకప్‌లో ఉన్నాడు. తను చూసిందేమిటో వాడికి ఇంకా తెలియదు. లాకప్‌లో ఉండడమే మంచిదయిందని ఆ క్షణంలో అనిపించింది.

ఫోన్ మోగింది. బావ.

"చిట్టీ, ఎక్కడున్నావ్? నీకో మంచి కబురుంది."

"తర్వాత చెప్పండి. మీరు ఆ కానిస్టేబుల్‌ని ఈ వెనక గది దగ్గర కాపలా పెట్టండి. ఈవిడ దగ్గరికి ఎవరినీ రానివ్వొద్దు. క్యురేటర్‌ని అసలే రానివ్వొద్దు."

"ముందు నా మాట..."

చిట్టి ఫోన్ పెట్టేసింది. తనకి ఇంకొక్క ముడి మిగిలింది. "ఒక్కటి చెప్పండమ్మా. ఇంత బాగా నకలు తీసినవాడు రేకులు వేలాడదీయకుండా టంకం ఎందుకు పెట్టాడు? అంత తెలివితక్కువవాడా?"

తోడావిడ ప్రదర్శన పుస్తకం తెరిచి ముసుగు ఫొటో చూపించింది. రేకులన్నీ ఒకే తీరున ఎడమ వైపుకి ఒరిగి ఉన్నాయి.

"ఫొటో తీసేటప్పుడు ప్రతి రేకు వెనకా చిటికెడు మైనం పెడతాం. లేకపోతే వణికి బొమ్మ మసకైపోతుంది. ఇది మా పనివాళ్లకి తప్ప బయటివాళ్లకి తెలియదు. ఫొటో ఒక్కటే చూసినవాడు అవి అలా అతికించే ఉంటాయనుకుంటాడు."

"అంటే చేసినవాడు అసలుది కదులుతుండగా చూడలేదు. ప్రదర్శన రాకముందే ఫొటో చూసి చేశాడు. అంత ముందుగా ఫొటోలు ఎవరికి పంపారు?"

"పుస్తకం అచ్చువేసిన వాళ్లకి. ఆ తర్వాత... కింద జ్ఞాపికలు అమ్మే కొట్టుకి. బొమ్మలు ముందే చేసి పెట్టుకోవాలని అడిగారు."

*

కిందికి పరిగెత్తేముందు చిట్టి హాల్లో ఆగింది. ముసుగు పెట్టె పక్కన నేల మీద బోర్లా పడుకుని, టార్చి వేసి కాళ్ల కింద చూసింది. నాలుగు చెక్క కాళ్లూ నేరుగా చెక్క నేల మీదే ఉన్నాయి. రబ్బరూ లేదు, గిబ్బరూ లేదు. ఆ అబద్ధం ఎంత సాదాగా ఉందంటే, అనుమానించకుండా మూడు వారాలు నమ్మినందుకు తోడావిడని తప్పు పట్టబుద్ధి కాలేదు.

జ్ఞాపికల కొట్టు వెనక మెట్ల పక్కనే. అంటే పైన హాల్లోకి ఎవరి కంటా పడకుండా ఎక్కి దిగే దారి ఆ కొట్టువాడికి ఉంది. ఇవాళ షట్టరు సగం దించి ఉంది. లోపల మనిషి లేడు. చిట్టి షట్టరు కింద నుంచి తల దూర్చింది. అరల నిండా బంగారు పూత పూసిన చిన్న చిన్న ముసుగులు. ప్రతిదాని నుదుటి మీదా గోరంత రేకులు. అన్నీ ఎడమ వైపుకే ఒరిగి ఉన్నాయి. ఒకటి తీసి వెనక్కి తిప్పింది. టంకం బొట్టు. దాన్ని ఊపి చూసింది. ఏ రేకూ వణకలేదు.

"దొంగతనంగా కొట్లో దూరడం ఎప్పుడు నేర్చావే?" ఇన్‌స్పెక్టర్ షట్టరు పైకెత్తాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. మరదలికి ఏదో ఉపకారం చేసి మెచ్చుకోలు కోసం వచ్చిన మనిషిలా ఉన్నాడు.

చిట్టి ఆయన చేతిలో బొమ్మని, దాని పక్కన ఊడిన రేకుని పెట్టింది. గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పింది. జ్వరం, తాళంచెవి, రబ్బరు, మైనం. ఆయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వు మానేసి బొమ్మని వెలుగులోకి పట్టుకుని రెండుసార్లు తిప్పి చూశాడు. పోలీసుగా ఆయనకి ఒక గుణముంది. ఒప్పుకోవడానికి ఆలస్యం చేస్తాడు గానీ, కళ్ల ముందు పెట్టాక మొండికెయ్యడు.

"పెట్టె తెరిచింది క్యురేటర్. బొమ్మ చేసింది ఈ కొట్టువాడు. నిన్న గంట మోగించి, వెనక మెట్లెక్కి అద్దం పగలగొట్టిందీ వీడే. ఆ టైములో క్యురేటర్ ఆవరణలో వందమందికి కనబడుతూ నిలబడ్డాడు. ఈ కొట్టు ఎవరిది బావా?"

ఇన్‌స్పెక్టర్ బొమ్మని మళ్లీ తిప్పాడు.

"బావా, ఈ కొట్టు ఎవరిది?"

"క్యురేటర్ తమ్ముడిది," అన్నాడు ఆయన. గొంతు పూర్తిగా మారిపోయింది. "పొద్దున మా వాళ్లందరికీ టీ తెచ్చి ఇచ్చాడు. మంచి కుర్రాడనుకున్నా."

"సరే. ఇద్దరినీ పట్టుకోండి. గార్డుని మాత్రం మీ స్టేషన్లోనే ఉంచండి. ఎవరితోనూ మాట్లాడనివ్వొద్దు. వాడు లేకపోతే మనకి కేసు లేదు. తోడావిడ ఒక్కతే చెబితే ఆవిడే దొంగ అంటారు."

ఇన్‌స్పెక్టర్ చేతిలో బొమ్మ అలాగే ఉండిపోయింది.

"వదిలేశా చిట్టీ."

"ఏంటి?"

"గార్డుని వదిలేశా. నువ్వే కదా సుత్తి పిడి అంటూ నా బుర్ర తిన్నావు. ఆలోచిస్తే నీ మాటే నిజమనిపించింది. అంతలో క్యురేటర్ వచ్చి పూచీ ఇస్తానన్నాడు. నువ్వే పంపించావని కూడా చెప్పాడు. సరేలే, మరదలి మాట దక్కించినట్టుంటుందని స్టేషన్‌కి ఫోన్ చేసి వదిలెయ్యమన్నా. నీతో చెబుదామని ఫోన్ చేస్తే పెట్టేశావు."

"ఎంతసేపైంది? ఎలా వెళ్లాడు?"

"గంటవుతోంది. పాపం మనిషి నీరసంగా ఉన్నాడు, బస్సెందుకు, మా తమ్ముడు కార్లో దింపేస్తాడులే అన్నాడు క్యురేటర్."

చిట్టి తిట్టడానికి నోరు తెరిచింది గానీ ఎవర్ని తిట్టాలో తెలియలేదు. వదలమని పట్టుబట్టింది తను. పెద్దమనిషి అనుకుని క్యురేటర్‌ని బావ దగ్గరికి పంపింది తను. పొద్దున్నుంచి పడిన ఆరాటమంతా గార్డుని తీసుకెళ్లి ఆ అన్నదమ్ముల చేతిలో పెట్టడానికే పనికొచ్చింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోన్లో అరుస్తున్నాడు. "కారు నంబరు కనుక్కోండి. క్యురేటర్ ఎక్కడున్నాడో చూడండి. గదిలో లేడా? లేకపోవడమేంటయ్యా, ఇందాకే నా ముందు కూర్చుని..."

"మేడమ్!"

మెట్ల వైపు నుంచి గార్డు భార్య దాదాపు పరిగెత్తుకుంటూ వస్తోంది. పొద్దున్నుంచి రాయిలా కూర్చున్న మనిషి ఇప్పుడు నవ్వుతోంది, ఆ నవ్వుతోపాటే ఏడుస్తోంది. వచ్చి చిట్టి రెండు చేతులూ పట్టుకుంది.

"వదిలేశారట కదా! ఇప్పుడే ఆయన మాట్లాడారు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు మేడమ్. పొద్దున మీ మీద పూర్తిగా నమ్మకం లేకుండానే వచ్చాను, ఆ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

"మాట్లాడారా? ఎక్కడున్నారు?"

"దారిలో ఉన్నారట. కారు తోలే అబ్బాయికి ఏదో చిన్న పని పడిందట. ఎక్కడో గోదాములో పెట్టెలు దించాలి, ఒక్క చెయ్యి వెయ్యమంటే ఆగారట. అరగంటలో వచ్చేస్తానన్నారు. నేను వెళ్లి వంట మొదలుపెడతా. నిన్నట్నుంచి ఏం తిన్నారో ఏమో."

"ఏ గోదాము?" చిట్టి ఆవిడ చేతులు వదల్లేదు. "అమ్మా, సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. ఏ గోదామో చెప్పారా?"

"అడిగాను మేడమ్. చెబుతుండగా ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేస్తే కలవడం లేదు." ఆవిడ నవ్వు మెల్లగా తగ్గింది. చిట్టి మొహంలోకి, ఆ తర్వాత ఫోన్లో అరుస్తున్న ఇన్‌స్పెక్టర్ మొహంలోకి చూసింది. "ఏమైంది మేడమ్? ఆయన్ని వదిలేశారు కదా?"